ఓపికున్న ఫోను

వెర్నా హౌటాలాకి పంతొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు, ఆమె మేనమామ ఆర్వో కెస్టిలా ఒక కుర్చీ చూపించాడు. దాని ముందు బల్ల మీద నల్ల ఫోను ఉంది. పని నేర్పడానికి ఆయనకి ఒక నిమిషం కూడా పట్టలేదు.

"ఎత్తు. కెస్టిలా హీటింగ్ అను. నీ పేరు చెప్పు. తర్వాత నోరు మూసుకో."

"ఎంతసేపు?"

"వాళ్ళు మాట్లాడేదాకా."

"మాట్లాడకపోతే?"

"మాట్లాడతారు. చలికి ఆగలేకే కదా ఫోన్ చేసింది."

అది జరిగి ముప్పై తొమ్మిదేళ్ళు. మిషిగన్ పై కొసన, పెద్ద సరస్సులోకి పొడుచుకుపోయిన ఆ నేల మీద, గనుల్లో పనికి ఫిన్లండ్ నుంచి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలూ ఉంటారు. వాళ్ళలో పెద్దవాళ్ళు ఫోనులో తొందరపడరు. రిసీవర్ చెవికి ఆనించుకుని ముందు ఊపిరి పీల్చుకుంటారు. చెప్పవలసింది మనసులో సర్దుకుంటారు. కొందరికి అర నిమిషం పడుతుంది. మధ్యలో ఎవరైనా "హలో" అంటే సర్దుకున్నదంతా చెదిరిపోయి, మళ్ళీ మొదటికి వస్తారు.

ఆ అర నిమిషాల్లో వెర్నా ఇళ్ళని నేర్చుకుంది. ఒక ఇంట్లో కుళాయి కారుతుంది. ఒక ఇంట్లో కుక్క మెడపట్టీకున్న బిళ్ళలు గలగలమంటాయి. ఇంకో ఇంట్లో ఎప్పుడూ రేడియో, ఎప్పుడూ వాతావరణం కబుర్లే. ఎవరూ పేరు చెప్పకముందే ఆమె కాగితం మీద పేరు రాసుకునేది. దాన్ని గొప్పగా ఎవరికీ చెప్పలేదు. అదీ పనిలో భాగమే అనుకుంది.

షాపు నంబరు చివర నాలుగు అంకెలు 4417. చుట్టుపక్కల నేలమాళిగల్లో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఎక్కడుంటే అక్కడ, దాని రేకు మీద ఆర్వో అంటించిన పసుపు స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు మీద నంబరు, కింద పెన్సిల్‌తో తేదీలు. బాగుచేసిన ప్రతిసారీ ఒక తేదీ. కొన్నిచోట్ల పై తేదీలు ఆర్వో చేతివి, కిందవి వెర్నా మనుషులవి. చలికాలంలో ఫర్నేస్ ఆగిపోతే జనం టార్చిలైటు పట్టుకుని మెట్లు దిగుతారు. స్టిక్కరు చూస్తారు. ఆ నంబరుకి చేస్తారు. ఇంకెక్కడా వెతకరు.

ఆర్వో పోయాక వ్యాపారాన్ని ఆయన పిల్లల దగ్గర వెర్నా కొనుక్కుంది. ఏడాదిలో అమ్మేస్తుందని చర్చి మెట్ల మీద ముగ్గురు అన్నారు. పదిహేడేళ్ళయింది. అమ్మలేదు.

సెప్టెంబరులో ఫోన్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రాగి తీగల లైన్లు జనవరి ఆఖరుకి తీసేస్తున్నామనీ, ఈలోగా ఇంటర్నెట్ మీద నడిచే ఫోను చూసుకోమనీ దాని సారాంశం. వెర్నా రెండుసార్లు చదివి, గోడకున్న మేకుకి గుచ్చింది.

మెకానిక్ వెస్ ట్రెథీవీ మేకు దగ్గరే నిలబడి చదివాడు. పాతికేళ్ళుగా అక్కడ పని చేస్తున్నాడు. ఇద్దరి మధ్య యజమాని, పనివాడు అన్న తేడా ఎప్పుడో అరిగిపోయింది.

"అయితే ఇక పొగబెట్టి కబుర్లు పంపుకుందాం. పొగ మన చేతిలో పనే," అన్నాడు.

"ఆ ఫిల్టర్ల డబ్బా మూత ఇటివ్వు."

అట్టమూత వెనక ఆమె పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు రాసింది. నంబరు మారకూడదు. కరెంటు పోయినా మోగాలి. ఇప్పుడు కట్టేదానికి మించి కట్టను.

"నాలుగోది కూడా రాయి," అన్నాడు వెస్. "అమ్మడానికి వచ్చేవాడు వేడివేడిగా ఒక పేస్టీ, ఆ మాంసం కూరిన రొట్టె, తేవాలి."

"నువ్వు తెచ్చుకున్నది తిను, చాలు."

ఆరు కంపెనీలకి ఆమే ఫోన్ చేసింది. తన మేనత్త కూతురు ఎల్మా చేసిన తప్పు ఆమెకి తెలుసు. ఎల్మాకి పూల షాపు ఉండేది. కొత్త ఫోను రాకముందే పాత లైను తీసెయ్యమని చెప్పింది. లైనుతోపాటు నంబరూ పోయింది. ఇప్పటికీ పెళ్ళిపూల కోసం చేసినవాళ్ళకి ఎవరో టైర్ల షాపతను పలుకుతాడు. అందుకని వెర్నా అందరినీ మొదట నంబరు గురించే అడిగింది. ఒకరు ఆ ప్రాంతం నంబర్లు తాము తీసుకోలేమన్నారు. ఒకరు పది ఫోన్లకి తక్కువైతే ఇవ్వమన్నారు. ఇద్దరు మూడేళ్ళకి కట్టుబడమన్నారు. మిగిలింది ఇద్దరు: సరస్సుకి అవతలి ఒడ్డున ముగ్గురు మనుషులతో నడిచే చిన్న కంపెనీ ఒకటి, దేశమంతా ఉన్న పెద్ద కంపెనీ ఒకటి. ధరలో పెద్ద తేడా లేదు. చిన్న కంపెనీ కొంచెం తక్కువే. కానీ పెద్ద కంపెనీ నుంచి కర్టిస్ అనే కుర్రమేనేజరు మూడు గంటలు కారు నడుపుకుని స్వయంగా వచ్చాడు. ఆ దారి ఎలాంటిదో తెలిసిన వెర్నాకి అది మంచి లక్షణంగా తోచింది.

కర్టిస్ బల్ల మీద కొత్త ఫోను పెట్టి మొదలుపెట్టాడు.

"మేడమ్, ఎవరైనా చేయగానే ఇదే పలుకుతుంది. ఇంట్లో వేడి లేకపోతే ఒకటి నొక్కండి, బిల్లు గురించయితే రెండు, కొత్త ఫర్నేస్ కావాలంటే మూడు..."

"వేడి లేకపోతేనే మాకు ఫోన్ చేస్తారు. బిల్లు గురించయితే చర్చిలో పట్టుకుని అడుగుతారు."

"సరే మేడమ్, నొక్కుళ్ళు తీసేద్దాం. ఉత్త మెసేజ్ పెడదాం."

వెర్నా లేచి గోడ దగ్గరికెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. దీపాలు పోయాయి. కొత్త ఫోను మీద వెలుగుతున్న చిన్న అద్దం నల్లబడింది.

"కరెంటు పోయిందా?" అన్నాడు కర్టిస్ చీకట్లోంచి.

"నేనే తీశాను."

"ఇక్కడ ఏడాదికి ఎన్నిసార్లు పోతుంది మేడమ్?"

"పోయినప్పుడే బాబూ మా ఫోను మోగేది. పోయి వచ్చాక సగం ఫర్నేసులు మళ్ళీ అంటుకోవు."

మరుసటి వారం అతను బ్యాటరీ పెట్టె పట్టుకుని మళ్ళీ వచ్చాడు. వెర్నా మళ్ళీ స్విచ్ లాగింది. ఈసారి రెండు గంటలు వెయ్యలేదు. కిటికీ వెలుతురులో ఆమె కాగితాలు సర్దుకుంటూ కూర్చుంటే, కర్టిస్ కోటు వేసుకుని ఆమె ఫ్లాస్కులోంచి నాలుగు కప్పుల కాఫీ తాగాడు. ఫోను బతికే ఉంది. ఒక నెల ఉచితంగా వాడి చూడమన్నాడు. ఆమె ఒప్పుకుంది. పాత లైను తియ్యలేదు. దానికి వచ్చే కాల్స్‌ని కొత్త ఫోనుకి మళ్ళించింది. ఇన్నాళ్ళూ మెసేజీలు పట్టిన, ఆర్వో కాలం నాటి టేపు మెషిన్‌ని గుడ్డతో తుడిచి అలమరలో పెట్టింది.

డిసెంబరు రెండో వారంలో చలి బిగిసింది. ఫోను తెరిపి లేకుండా మోగింది. ఆమె ఒకరితో మాట్లాడుతుంటే రెండోవాళ్ళకి ఫోనే పలికి, మెసేజ్ తీసుకునేది. ఉదయం ఎనిమిదికి ముందూ అదే పలికేది. మెసేజ్ వెంటనే వెస్ జేబులో ఫోనుకి చేరేది. అతను మురిసిపోయాడు.

"ఇన్నేళ్ళూ నీ రాత చదవలేక చచ్చాను వెర్నా. ఇది దేవుడు పంపిన యంత్రం."

"ఖాళీ మెసేజీలు వస్తున్నాయి చూశావా? ఈ వారం తొమ్మిది."

"ఏవో అమ్ముకునేవాళ్ళు. మనిషి పలక్కపోతే పెట్టేస్తారు."

కర్టిస్‌ని అడిగితే అతనూ అదే అన్నాడు. "పనికిరాని కాల్స్ మేడమ్. మాట వినపడకపోతే మా సిస్టమే కట్ చేసేస్తుంది. దానికి విడిగా డబ్బు కూడా తీసుకోం."

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను కాస్త ఊపిరి తీసుకుంది. వెర్నా పేస్టీ కాగితం విప్పి, ఒక ముక్క తింటూ, ఆ తొమ్మిదీ చెరిపేద్దామని తీసింది. చెరిపేముందు వినడం ఆమె అలవాటు. ఒక్కొక్కటి నాలుగు సెకన్లు. మొదటిది ఏమీ లేదు. రెండోది ఏమీ లేదు. మూడోదాంట్లో గడియారం.

ఆమె నమలడం ఆపింది. మళ్ళీ పెట్టింది.

టక్... టక్‌టక్... టక్. కుంటుతున్న గడియారం. నేల ఒకవైపు వాలిన వంటింట్లో, వంకరగా వేలాడే గోడ గడియారం. ఆ తర్వాత ఒక ఊపిరి, మాట మొదలుపెట్టబోయే ముందు మనిషి తీసుకునే ఊపిరి. అక్కడ తెగిపోయింది.

రెయినో పెల్కొలా. ఎనభై ఆరేళ్ళు. ఒంటరి మనిషి. మెసేజ్ వచ్చింది బుధవారం ఉదయం ఏడూ నలభైకి. నాలుగోదీ అదే గడియారం, ముప్పై అయిదు నిమిషాల తర్వాత. మళ్ళించిన కాల్స్ కాబట్టి అన్నిటి మీదా షాపు సొంత నంబరే కనపడుతోంది. ఎవరు చేశారో యంత్రానికి తెలీదు.

బయట సున్నాకి పన్నెండు డిగ్రీల కింద ఉంది. బుధవారం పొద్దుటి నుంచి ఇప్పటికి ఇరవై తొమ్మిది గంటలు.

ఆమె పెల్కొలా ఇంటికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"వెస్. బండి తియ్యి."

దారంతా మంచు తోడే బండి వెనకే పోవలసి వచ్చింది. పదకొండు మైళ్ళకి నలభై నిమిషాలు పట్టింది. వెస్ ఒక్క జోకు కూడా వెయ్యలేదు. ఇల్లు కనపడగానే వెర్నా ముందు పొగగొట్టం చూసింది. పొగ లేదు. వంటింటి తలుపుకి తాళం లేదు. లోపల ఊపిరి ఆవిరిగా కనపడేంత చలి. పైపులు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలిపెట్టి ఉంది. గోడ మీద గడియారం కుంటుతోంది. మనిషి లేడు.

"పెల్కొలా గారూ!"

వెస్ పెరటి కిటికీలోంచి చూసి, "అదిగో," అన్నాడు.

పెరట్లో చిన్న చెక్కగది, ఆవిరిస్నానం చేసే సౌనా. దాని పొగగొట్టం లోంచి తిన్నగా పొగ లేస్తోంది. వెర్నా మోకాళ్ళలోతు మంచులో పరిగెత్తి తలుపు తోసింది. బట్టలు మార్చుకునే ముందుగదిలో, బెంచీ మీద దుప్పటి పరుచుకుని, రెయినో పెల్కొలా చదరంగపు పలక ముందు కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద కాఫీ కాగుతోంది.

"వచ్చావా అమ్మాయ్," అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ వెర్నాని అలా పిలిచేవాళ్ళు ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారు. "కాఫీ తాగుతావా?"

వెర్నా బెంచీ చివర కూలబడింది.  బూట్ల మీది మంచు దులుపుకుంది.

"ఫోన్ చేశారు కదూ?"

ఆయన ఒక పావు జరిపాడు. ఆమె ఆగింది.

"చేశా. రెండుసార్లు. ఎవరో ఆడమనిషి పలికింది. చెప్పండి అంది. చెబుదామని సర్దుకుంటున్నా. ధన్యవాదాలు అని పెట్టేసింది."

"రెండోసారి?"

"రెండోసారి నేనే కాస్త తొందరపడ్డా. అయినా చాల్లేదు."

"మళ్ళీ చెయ్యొచ్చుగా పెల్కొలా గారూ!"

"రెండుసార్లు పెట్టేసిన ఇంటికి మూడోసారి చెయ్యడం మర్యాద కాదు," అన్నాడు. కాసేపాగి, "శనివారం చేద్దామనుకున్నా. కట్టెలు శనివారం దాకా వస్తాయి," అన్నాడు.

వెర్నా లేచి పొయ్యిలో ఒక కట్టె వేసింది.

"ఆవిడ నీ దగ్గర కొత్తగా చేరిందా?"

"చేరింది. తీసేస్తున్నాను."

"అయ్యో, కూడు తియ్యకు. నేర్పు. నీకు మాత్రం ఆర్వో నేర్పలా?"

నేలమాళిగలో వెస్‌కి ఇరవై నిమిషాల పని. నూనె చిమ్మే మూతి పూడుకుపోయింది. మార్చాడు. మంట గుప్పున అందుకుంది. వెస్ చెవి మీది పెన్సిల్ తీసి స్టిక్కరు కింద తేదీ వేశాడు. వెర్నా ఆ వరసని పైనుంచి కిందికి చూసింది. మొదటి తేదీ ఆమె పుట్టకముందుది.

తిరుగుదారిలో వెస్ అన్నాడు, "ముసలాయన బాగానే ఉన్నాడుగా."

"కట్టెలుండబట్టి."

"నీ తప్పేం లేదు."

"ఇంకా ఏడు మెసేజీలున్నాయి వెస్."

షాపుకి రాగానే కోటు తియ్యకుండానే కూర్చుంది. ఏడింటినీ తలుపు మూసుకుని విన్నది. నాలుగు సెకన్లలో ఎంత వినపడుతుందో అంతా విన్నది. ఒకదాంట్లో కుక్క బిళ్ళలు: ఇంపీ రాటియో. ఒకదాంట్లో కారే కుళాయి. మూడోదాంట్లో వాతావరణం రేడియో. అయిదింటిని పోల్చుకుని అయిదిళ్ళకీ తనే ఫోన్ చేసింది. ఒకావిడ కూతురింటికి వెళ్ళిపోయింది. రెండిళ్ళవాళ్ళు ఒక్కో గదిలో కరెంటు హీటర్ పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన ఫిల్టర్ కోసమే చేశాడట. ఇంపీ మాత్రం వేరేవాళ్ళని పిలిపించుకుంది.

"నువ్వు ఇక చెయ్యడం లేదేమో అనుకున్నా వెర్నా," అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ ఇంట్లో పసుపు స్టిక్కరు మీద ఇప్పుడు ఇంకొకరి స్టిక్కరు ఉంటుంది. మిగిలిన రెండు మెసేజీల్లో ఏ ఇంటి చప్పుడూ లేదు; అవి మాత్రం నిజంగానే ఏవో అమ్ముకునేవాళ్ళవి అయి ఉండాలి.

తర్వాత ఆమె కర్టిస్‌కి చేసింది.

"మీ ఫోను మౌనాన్ని ఎన్ని సెకన్లు భరిస్తుంది?"

"ఏంటి మేడమ్?"

"మనిషి మాట్లాడకపోతే ఎంతసేపు ఆగుతుంది?"

కాగితాల చప్పుడు. "నాలుగు సెకన్లు మేడమ్."

"మార్చండి."

"అది అందరికీ ఒకటే మేడమ్. దేశమంతా అదే. ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు."

"ఎలా చేస్తారు బాబూ? చేస్తే నాలుగు సెకన్లలో పెట్టేస్తారుగా."

ఆ సాయంత్రమే కాల్స్ మళ్ళింపు తీసేసింది. అలమరలోంచి టేపు మెషిన్ బయటికి వచ్చింది. కానీ జనవరి ఆఖరు అలాగే ఉంది. రాగి తీగ పోవడం ఖాయం. ఉన్నది ఏడు వారాలు. అట్టమూత తీసి, మూడు వాక్యాల కింద నాలుగోది రాసింది: వాళ్ళు మాట్లాడేదాకా ఆగాలి. వెస్ చూశాడు. పేస్టీ ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున చిన్న కంపెనీకి ఫోన్ చేసింది. రెండోసారి మోగగానే ఒక మగగొంతు పలికింది.

"చెప్పండి, ఓడెల్‌ని."

వెర్నా చెప్పలేదు. గోడ మీద సెకన్ల ముల్లు చూస్తూ కూర్చుంది. అయిదు. పది. అవతల ఎక్కడో కెటిల్ మరుగుతోంది. ఎవరో తలుపు వేశారు. పదిహేను. ఇరవై.

"ఉన్నానండీ. నిదానంగా చెప్పండి," అన్నాడు ఓడెల్. మళ్ళీ ఊరుకున్నాడు.

నలభై దాకా చూసి ఆమె నోరు విప్పింది. "నా పేరు వెర్నా హౌటాలా. సెప్టెంబరులో మాట్లాడాను."

"ఫర్నేసుల షాపు. నంబరు మారకూడదు, కరెంటు పోయినా మోగాలి. మీరు మళ్ళీ చెయ్యరనుకున్నా."

"ఇందాక ఎందుకు పెట్టెయ్యలేదు?"

"చేసింది మీరు కదండీ. పెట్టేసేదీ మీరే."

ఆమె నాలుగో షరతు చెప్పింది. అతను కారణం అడగలేదు. మాట లేకపోతే తెంచేసే లెక్కని తీసేస్తే, అవతలివాళ్ళు పెట్టేసేదాకా ఫోను వింటూనే ఉంటుందన్నాడు. ఎవరు చేశారో వాళ్ళ నంబరే కనపడుతుందన్నాడు. బ్యాటరీ పెట్టె తన దగ్గర కొననక్కర్లేదనీ, పెద్ద కంపెనీలు అడిగే ధరకి బయట వాళ్ళదానికన్నా పెద్దది దొరుకుతుందనీ అన్నాడు. నెలకి అయ్యేది ఇప్పుడు కట్టేదాంట్లో సగానికి కాస్త తక్కువ. సెప్టెంబరులోనూ ఇదే ధర. అప్పుడు ఆమె ధర విన్నది కానీ మనిషిని వినలేదు.

"ఒక్క మాట," అన్నాడు చివర. "నేను చెప్పేదాకా పాత లైను తియ్యించకండి."

"అది నాకు తెలుసు. సంతకం మాత్రం ఇప్పుడు పెట్టను. ముందు ఒక మనిషి దీంతో మాట్లాడాలి."

ఓడెల్ పంపిన ఫోను వారానికి వచ్చింది, అట్టపెట్టెలో, చేత్తో రాసిన కాగితంతో. బయట కొన్న బ్యాటరీ పెట్టెతో వెర్నా తనే బిగించింది. స్విచ్ లాగి ఒక పూట చూసింది. ఆ తర్వాత పెల్కొలా ఇంటికి వెళ్ళి, పరీక్ష కోసం ఓడెల్ ఇచ్చిన నంబరు రాసిచ్చింది.

"రేపు పొద్దున ఏడూ నలభైకి దీనికి చెయ్యండి. నేను ఎత్తను. మెసేజ్ పెట్టండి."

"ఏమని?"

"మీ ఇష్టం."

"ఆ ఆడమనిషేనా?"

"ఇంకో ఆవిడ."

మర్నాడు ఏడున్నరకే షాపు తెరిచి, ఫోను ముందు కూర్చుంది. వెస్ కూడా వచ్చి గోడకి ఆనుకున్నాడు. ఏడూ నలభైకి మోగింది. అద్దం మీద పెల్కొలా ఇంటి నంబరు. ఇద్దరూ కదల్లేదు. ఫోనే పలికింది. చిన్న ఎర్రదీపం వెలిగింది. వెలుగుతూనే ఉంది.

"ఇంకా వింటోంది," అన్నాడు వెస్ గుసగుసగా.

"ఉష్."

దీపం ఆరాక ఆమె ఆ మెసేజ్ పెట్టి విన్నది. యాభై ఆరు సెకన్లు. అందులో మొదటి నలభై మూడూ కుంటి గడియారమే. తర్వాత ఊపిరి. తర్వాత మాట.

"అమ్మాయ్. ఇల్లు వెచ్చగానే ఉంది." మళ్ళీ గడియారం. "ఈవిడ నయం."

వెర్నా ఓడెల్ ఒప్పందం కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. పక్కన ఇంకో కాగితం మీద ఇంపీ రాటియో పేరు రాసుకుంది, వసంతంలో ఫర్నేస్ శుభ్రం చేసే వేళకి తనే వెళ్ళి అడగడానికి.

ఎనిమిది కాకముందే పాత ఫోను మోగింది. ఎత్తింది. కెస్టిలా హీటింగ్ అంది. పేరు చెప్పింది. నోరు మూసుకుంది.